మిషన్ చప్పుడు మారితే

మా తమ్ముణ్ని దవాఖాన నుంచి ఇంటికి పంపే ప్రతిసారీ డాక్టరమ్మ ఒకే ప్రశ్న అడిగేది. "మళ్ల ఎప్పుడొస్తరనుకుంటున్నరు?" మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇంకా సంచీ సర్దుకోలేదు, పెట్టిన సంతకం ఆరలేదు, అప్పుడే మళ్లీ ఎప్పుడొస్తారని అడగడమేమిటి? మేమేమైనా చుట్టపుచూపుగా వచ్చి పోతున్నామా? ఆ మాట ముఖం మీదే అనేశాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "మీరేమనుకుంటున్నరో నాకు గావాలె మేడం, చెప్పుండ్రి" అంది.

అది కరీంనగర్‌లో మనసు జబ్బుల వార్డు. మాది సుల్తానాబాద్. బస్సెక్కితే గంట ప్రయాణం. నేను పక్క ఊళ్లో సర్కారు బడిలో తెలుగు చెప్తాను. ముసల్మాను టీచరమ్మ తెలుగు చెప్పడమేమిటని కొత్తగా వచ్చిన ప్రతి హెడ్మాస్టరూ ఒకసారి ఆశ్చర్యపోతాడు. నేను గురువులూ లఘువులూ మొదలుపెట్టగానే కుర్చీ వెతుక్కుంటాడు. మా ఇంటి మాట సగం ఉర్దూ, సగం తెలుగు. ఏ వాక్యం ఏ భాషలో మొదలై ఏ భాషలో ముగుస్తుందో మాకే తెలియదు. ఇక్కడ మాత్రం అంతా తెలుగులోనే రాస్తున్నాను.

తమ్ముడు దర్జీ. అతనూ మా అమ్మీ ఉండే ఇల్లు, దాని ముందే ఉన్న దుకాణం, నా ఇంటికి నాలుగిళ్ల అవతలే; మాకు రెండూ ఒకటే ఇల్లు. మా నాన్న, అబ్బా, వదిలిపోయిన మిషన్ మీదే పని నేర్చుకున్నాడు. మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూసి భుజం కొలత చెప్పేసేవాడు, టేపు పెడితే అంతే వచ్చేది. పెళ్లయ్యాక దుబాయ్ వెళ్లి ఒక కుట్టు దుకాణంలో చేరాడు. రెండేళ్లు పంపిన ఫోటోల్లో నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత ఒకరోజు మన దిక్కు వాళ్లే ఇద్దరు అతన్ని చెరో చేయీ పట్టుకుని తెచ్చి మా గడపలో దింపారు. గదిలో పక్కవాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని, గోడలు కూడా వంత పాడుతున్నాయని చెప్పేవాడు. మేం ముందు దిష్టి అనుకున్నాం. దర్గాకు తీసుకెళ్లాం, తాయెత్తు కట్టించాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు చివరికి దవాఖానకు చేరాం.

మందులు పనిచేశాయి. అది ముందే చెప్పాలి, ఎందుకంటే మా గల్లీలో ఆ గోలీల మీద ఉన్నన్ని చాడీలు ఏ కోడలి మీదా లేవు. గోడలు నోరు మూసుకున్నాయి. తమ్ముడు మళ్లీ దుకాణం తెరిచాడు. కాకపోతే ఒళ్లు వచ్చింది, పొద్దున లేవలేకపోయేవాడు, ఎప్పుడూ నాలుక పిడచకట్టుకుపోయేది. వేళ్లు సన్నగా వణికేవి. సూదిలో దారం ఎక్కించడం దర్జీకి ఊపిరి పీల్చినంత సులువు కావాలి కదా, అతనికి అది గగనమైపోయింది. అతని భార్య పొద్దున్నే సూదులన్నిటికీ దారాలు ఎక్కించి గుడ్డదిండుకు వరసగా గుచ్చిపెట్టేది. గిరాకీ ముందు ఎక్కిస్తే అతనికి చిన్నతనమని, షట్టర్ ఎత్తకముందే ఆ పని ముగించేది. మందమర్రి పిల్ల ఆమె. బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి కూతురు. మాట తక్కువ, చూపు ఎక్కువ. మేమంతా ఆమెను ఇంకా దుల్హన్, పెళ్లికూతురు, అనే పిలుస్తాం.

డాక్టరమ్మ ప్రశ్న వెనక సంగతి రెండోసారి వెళ్లినప్పుడు తెలిసింది. ఇలాంటి మందులు వాడుతూ ఇంటికి వెళ్లినవాళ్లలో ఎవరు మళ్లీ వార్డుకు వస్తారో ముందే పసిగట్టాలని ఆవిడా, ఆవిడ దగ్గర చదువుకునే పిల్లలూ ప్రయత్నిస్తున్నారట. ఇంతకు ముందు ఎన్నిసార్లు చేరారు, గోలీలు మింగుతున్నారా దిండు కింద పెడుతున్నారా, నిద్ర ఎలా ఉంది, పని ఉందా, ఇంట్లో చూసుకునేవాళ్లున్నారా అని అందరినీ అడిగేవారు.

"అన్నిటికన్న పెద్ద గుర్తు ఏందో తెలుసా మేడం? ఇంతకు ముందొచ్చినోళ్లే మళ్ల ఎక్కువొస్తరు" అంది.

"గా మాట చెప్పనీకి డాక్టర్ సదువెందుకు? ఫెయిలైనోడే మళ్ల ఫెయిలైతడని నేను గూడ చెప్త" అన్నాను.

ఈసారి ఆవిడ నవ్వింది. ఆదిలాబాద్ మనిషి, నవ్వితే పెద్దగా నవ్వుతుంది. "నిజమే. గీ లెక్క మందిని మొత్తం జూసి చెప్తది. మీ తమ్మునొక్కని గురించి చెప్పది. అది మీ ఇంట్లనే ఉంటది, మీరే దేవులాడాలె" అంది.

దేవులాడటం, వెతకడం, మాకు చెప్పాలా! ఆ రోజు నుంచి మా ఇల్లు వాతావరణ కేంద్రమైపోయింది. తమ్ముడు నవ్వితే మేం ఒకరి ముఖాలొకరం చూసుకునేవాళ్లం. నవ్వకపోయినా చూసుకునేవాళ్లం. నా లెక్క ప్రకారం చిరాకు పెరిగితే ప్రమాదం. దుల్హన్ నిద్ర మీద కన్నేసి ఉంచేది. అమ్మీకి ఒక్కటే కొలమానం. "నమాజ్ సదువుతుండు, రోజా ఉంటుండు. మనిషి మంచిగున్నడనంగ ఇంకేం గావాలె?" అనేది. రంజాన్ నెలంతా పొద్దంతా నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండేవాడికి మతి సరిగా లేదని ఎవరంటారన్నది ఆమె వాదన.

ఒకసారి కూరలో ఉప్పెక్కువైందని తమ్ముడు గిన్నె పక్కకు జరిపాడు. నేను వెంటనే, "గోలి ఏసుకున్నవారా?" అన్నాను. అతను గిన్నె నా ముందుకు తోశాడు.

"ఉప్పు గురించి జెప్తున్న ఆపా. ఉప్పు గురించి" అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. జబ్బున్నవాడికి ఉప్పెక్కువైందని చెప్పే హక్కు కూడా లేకుండా చేశాం. కూర రుచి చూస్తే నిజంగానే ఉప్పెక్కువైంది.

ఇంత కాపలా కాసినా మూడోసారి కూడా అతన్ని వార్డులో చేర్చాల్సి వచ్చింది. ఆ సమయంలో నాకు ఎలక్షన్ డ్యూటీ ట్రైనింగ్. నేను కరీంనగర్‌లోనే ఒక హాల్లో కూర్చుని ఓటు యంత్రం సీలు వేయడం నేర్చుకుంటుంటే, దుల్హన్ ఫోన్ చేసి, "ఆపా, కత్తెర దాస్తున్న, తొందరగ రా" అంది. కత్తెర ఎవరి మీదకో ఎత్తాడని కాదు. కుట్టిన బట్టల్లో తన గురించి ఏదో రాసి ఉందని కుట్లన్నీ విప్పేస్తున్నాడు. చొప్పదండి వాళ్ల పెళ్లికూతురి బట్టలు కూడా అందులో ఉన్నాయి. అతను వార్డులో ఉండగా ఆ ఇంటివాళ్లు వచ్చి, కత్తిరించని గుడ్డ కూడా మూటగట్టుకుని పోయారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల పెళ్లి వాళ్లది. కానీ ఆ వార్త ఊరంతా తిరిగింది. తమ్ముడు తిరిగొచ్చేసరికి దుకాణంలో కొక్కేలకు వేలాడే బట్టలే లేవు. "ఇంకొక్కసారి గిట్లయితె షట్టర్ దించుడే ఆపా. మళ్ల ఎత్తేది లేదు" అంది దుల్హన్. ఆమె ఏడుస్తూ చెప్పి ఉంటే నేను ఓదార్చేదాన్ని. లెక్క చెప్పినట్టు చెప్పింది, అందుకే నాకు భయమేసింది.

ఆ మూడోసారి ఇంటికి పంపేముందు డాక్టరమ్మ మమ్మల్నందరినీ, తమ్ముడితో సహా, తన గదిలో కూర్చోబెట్టింది. "పోయినసార్లు ఎప్పుడెప్పుడొచ్చిండ్రు?" అని అడిగింది.

నేను టీచర్ని కాబట్టి నాకన్నీ బడి లెక్కలో గుర్తుంటాయి. దుబాయ్ నుంచి వచ్చినప్పుడు వార్డులో చేర్చుకోకుండా గోలీలే రాసి పంపారు కాబట్టి అది పక్కనపెడితే, మొదటిసారి బడులు తెరిచి వానలు మొదలైనప్పుడు. రెండోసారి కరోనా రెండో ఏడు, రోహిణి కార్తె ఎండల్లో. మూడోది ఇదిగో, ఏప్రిల్లో. వానకు ఒకసారి, లాక్‌డౌన్‌లో ఇంట్లో మగ్గిపోయి ఒకసారి, ఎండకు ఒకసారి అని ఒక్కోదానికి ఒక్కో కారణం కూడా మా దగ్గర తయారుగా ఉండేది.

"జూన్, మే, ఏప్రిల్" అని ఆవిడ పెన్ను కొరుక్కుంది. "వీటిల నాకేం దొరుకుతలేదు."

గోడ పక్కన జపమాల, తస్బీ, తిప్పుతూ కూర్చున్న అమ్మీకి విసుగొచ్చింది. "ఏం జూనమ్మా, ఏం మే? మూడుసార్లు షవ్వాల్ నెలలనే ఒచ్చినం. ఈద్ చాంద్ కనవడ్డంక, వారం పది రోజులల్ల. మొదటిసారైతె షీర్ ఖుర్మా గిన్నెలు కడిగి ఎత్తిపెట్టనే లేదు" అంది.

అని, ఆగింది. తస్బీ కూడా ఆగింది.

మా నెలలు చంద్రుణ్ని బట్టి నడుస్తాయి. షవ్వాల్ అంటే రంజాన్ వెంటనే వచ్చే నెల. ఇంగ్లీషు నెలలతో చూస్తే రంజాన్ ఏటేటా కొన్ని రోజులు వెనక్కి జరుగుతూ పోతుంది. నాకు బడి క్యాలెండరు, డాక్టరమ్మకు గోడ క్యాలెండరు, అమ్మీకి చందమామ. చూస్తే మూడుసార్లూ అతను రంజాన్ నెల ఉపవాసాలు పూర్తి చేసి, పండుగ చేసుకుని, ఆ వెంటనే వార్డుకు వచ్చాడు. మంచి పని వెనక చెడు నడిచి రావచ్చని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఆ మాట బయటపెట్టింది అమ్మీయే. బయటపెట్టాక ఆమె ముఖం పాలిపోయింది.

"రంజాన్ల ఏమైతది మీ ఇంట్ల?" అని డాక్టరమ్మ దుల్హన్‌ను అడిగింది.

దుల్హన్ దాచలేదు. తెల్లారకముందే సహ్రీ తిండికి లేవాలి. రాత్రి తరావీ నమాజ్ పొడవుగా ఉంటుంది. ఇక దర్జీకి పండుగ బట్టల పని రాత్రుళ్లే. రాత్రి గోలీ వేసుకుంటే కళ్లు మూతపడతాయని దాన్ని సహ్రీకి జరుపుతాడు. లేవడం ఆలస్యమై సహ్రీ వేళ దాటిపోయిన రోజు ఆ గోలీ అలాగే ఉండిపోతుంది. పగలు నీళ్లు కూడా తాగకూడదు కదా. నేనూ రోజా ఉండే మనిషినే, ఇవన్నీ నాకూ తెలిసినవే. తెలిసినవి పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

అప్పుడు దుల్హన్, అడగకుండానే, ఆ గదిలో అందరికన్నా పెద్ద మాట అంది. "మా అబ్బా బాయిల దిగినంక ముందుగాల కట్టెతోని పైకప్పు తట్టి చూసెటోడు. చప్పుడు గట్టిగుంటె పని. బోలుగ ఇనవడితె బయటికొచ్చుడే. మేం బయట నిలవడి కప్పు పడ్తదా పడదా అని చూస్తున్నం. లోపట ఉన్నోణ్ని ఒక్కపారి గూడ అడుగలే." అని భర్త వైపు తిరిగి, "నీకేమన్న తెలుస్తదా ముందుగాల?" అంది.

తమ్ముడు తల దించుకుని గోరు చూసుకుంటున్నాడు. "తెలుస్తది" అన్నాడు.

"ఎట్ల?"

"మిషన్ చప్పుడు మారుతది. మంచిగున్నప్పుడు మిషన్ లెక్కనే ఉంటది. ఖరాబయ్యే ముందు మాటల్లెక్క ఇనవడ్తది. శురూల ఏం మాటలో తెల్వది. తర్వాత తెలుస్తది."

ఇన్నేళ్లు అతని నిద్ర, తిండి, నవ్వు, ఉప్పు, అన్నీ తూచాం. సమాధానం అతని నోట్లోనే ఉంది. "మరెందుకు చెప్పలేదురా?" అని గట్టిగా అరిచాను. దవాఖాన అని కూడా చూడలేదు.

"చెప్తె రోజా బంద్ చేయిస్తరు" అన్నాడు. "ఏడాదంత నేను పాగల్‌గాన్నే ఆపా. ఎవ్వలు ఎదురుంగ అనరు గని, నాకు తెల్వదా? రంజాన్‌ల అట్ల గాదు. ఇఫ్తార్ అప్పుడు మజీద్‌ల నడుమ కూసోవెడ్తరు. పక్కోడు నా చేతిల ఖజూర్ పెడ్తడు. రోజా ఉన్నోణ్ని ఎవ్వలు పాగల్ అనరు గదా."

నేను ఏడ్చాను. దుల్హన్ ఏడవలేదు, అతని చొక్కా భుజం మీద పడ్డ పోగును తీసి పారేసింది. అమ్మీ మాత్రం లేచి మెట్లు దిగి, మా అందరికన్నా ముందు నడుచుకుంటూ బస్టాండుకు పోయింది.

ఆ తర్వాతి రంజాన్ వచ్చేదాకా మా ఇంట్లో జరిగిన యుద్ధం రాస్తే భారతమవుతుంది. డాక్టరమ్మ ఈ ఏడు ఉపవాసం వద్దని చెప్పింది. జబ్బున్నవాళ్లకు మినహాయింపు ఉందని, దానికి బదులు పేదవాడికి అన్నం పెట్టవచ్చని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. అయినా అమ్మీ ఒప్పుకోలేదు.

"అది జ్వరమొచ్చినోళ్లకు. ముసలోళ్లకు. వీనికేమైంది? ఎద్దు లెక్క గట్టిగున్నడు" అంది.

"అమ్మీ, మూడుసార్లు దవాఖానల జేరినోడు గట్టిగున్నడా?"

"కాలిరిగినట్టు కనవడ్తదా బయటికి? రోజా లేకుంటె మొహల్లా ఏమంటది? నిన్నటిదాంక అనుకున్నరు, ఇయ్యాల పక్కా అయిందంటరు."

అమ్మీకి చక్కెర జబ్బు. పోయిన రంజాన్‌లో మధ్యాహ్నం వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది కూడా. ఆమెకు కూడా డాక్టర్ ఉపవాసం వద్దనే చెప్పాడు. "అల్లా చూస్కుంటడు" అని ఉపవాసం ఉంటూనే ఉంది. అలాంటి మనిషితో వాదించడం గోడకు తలకాయ కొట్టుకోవడమే. నేను పేష్ ఇమామ్ సాబ్ దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన నా మాట పూర్తి కాకముందే, "ఇందుల నన్నడిగేదేమున్నదమ్మా? బీమారంటె బీమారే. కాలిదైనా, తలకాయదైనా" అన్నాడు. ఆ మాట ఇంటికి మోసుకొచ్చాను. అమ్మీ విని, "ఆయనకేం, చెప్తడు. ఆయన ఇంట్ల లేడు గదా గిసొంటోడు" అంది.

చివరికి దుల్హన్ ఎవరినీ అడగకుండా తేల్చేసింది. రంజాన్ మొదటి రోజు మధ్యాహ్నం భర్తకు అన్నం పెట్టింది, గోలీ చేతిలో పెట్టింది. అతను తిన్నాడు. అమ్మీ అటు చూడలేదు, ఆపలేదు కూడా. నేను విజయం సాధించాననుకున్నాను. డాక్టరమ్మకు ఫోన్ చేసి, "ఈసారి మావోడు మీ దగ్గరికి రాడు, రాసి పెట్టుకోండి" అని కూడా చెప్పాను. నాకు ధీమా వస్తే ఆపడం కష్టం.

మార్చి నెల కదా, కొన్నాళ్లకు ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికే ఇంటికి వస్తూ దారిలో తమ్ముడి ఇంట్లో ఆగేదాన్ని. అప్పుడు చూశాను అతను ఎలా తింటున్నాడో. దుకాణం షట్టర్ సగం దించి, వెనక వంటింట్లో పొయ్యి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తలుపుకు వీపు పెట్టి, నమలకుండా మింగుతున్నాడు. గిన్నెల చప్పుడు కాకుండా దుల్హన్ చేత్తో పట్టుకుంటోంది. పండుగ నెలలో సొంత ఇంట్లో దొంగలా అన్నం తినడం నేను ఎవరినీ చూడలేదు.

ఒకరోజు నేనూ అమ్మీ ముందుగదిలో ఉండగా పక్కింటి ఖాలా కుర్తా కోసం నేరుగా లోపలికి వచ్చేసింది. ఆ రోజు మిషన్ పక్కనే దాక్కుని తింటున్న తమ్ముడు గబుక్కున పళ్లెం మిషన్ గుడ్డ కింద తోసేసి, నోట్లో ముద్ద ఉండగానే నిలబడ్డాడు. ఖాలా ఏదో అడిగింది. తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా నిలబడ్డాడు. మాట్లాడితే నోట్లో అన్నం కనబడుతుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముద్ద గొంతుకు అడ్డం పడింది. నీళ్లు తాగలేడు, ఖాలా ముందు ఎలా తాగుతాడు? దుల్హన్ ఆమెను మాటల్లో పెట్టి బయటికి పంపేదాకా అలాగే నిలబడి ఉన్నాడు. తర్వాత దగ్గి దగ్గి నేల మీద కూలబడ్డాడు. అమ్మీ తన కొంగుతో అతని మూతి తుడిచింది. మిషన్ గుడ్డ ఎత్తి పళ్లెం తీసింది. గుడ్డకు పప్పు అంటుకుని ఉంది. అది మా అబ్బా మిషన్ మీద కప్పిన గుడ్డ.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. పరదా కూడా పక్కకు కట్టేసి ఉంది. ముందుగదిలో అన్నాల గుడ్డ, దస్తర్‌ఖాన్, పరిచి, రెండు పళ్లేలు పెట్టి, అమ్మీ ఒకదాని ముందు కూర్చుని ఉంది. నేను గడపలోనే ఆగిపోయాను. నాకు తెలిసినప్పటి నుంచి అమ్మీ రంజాన్‌లో పగలు మెతుకు ముట్టలేదు.

"రా బేటా. అన్నం సల్లగైతుంది" అని లోపలికి కేకేసింది.

తమ్ముడు వచ్చి పళ్లేలు చూసి, వీధి తలుపు చూసి, "అమ్మీ, నీకు రోజా గదా?" అన్నాడు.

"నాకు షక్కర్ బీమారి, నీకు తలకాయ బీమారి. ఇద్దరం బీమారోళ్లమే. కూసో."

అతను కూర్చున్నాడు. ఆమె తన పళ్లెంలోంచి మొదటి ముద్ద కలిపింది. కలిపి, కాసేపు చేతిలోనే పట్టుకుంది. అది నోట్లో పెట్టుకోవడం ఆమెకు ఎంత కష్టమైందో నేను చూశాను. తర్వాత తినేసింది. ఆ వేళకు ఖాలా మళ్లీ రానే వచ్చింది, ఆమెకు వాసన పసిగట్టే ముక్కు ఉంది. గడపలో నిలబడి నోరు తెరిచింది. "హాయ్ అల్లా, నీకు రోజా లేదా?" అంది.

"లేదు. డాక్టర్ వద్దన్నడు, నాకు, నా కొడుక్కు. మా బదులు ఎతీంఖానల అమ్మానాయిన లేని పిల్లలకు అన్నం పోతుంది. కూసో, జర పప్పు ఏసుకో" అని, వెంటనే నాలుక కరుచుకుని, "అయ్యో, నీకు రోజా గదా. పో పో, నీ ముంగట తినొద్దు మేము" అంది.

ఖాలా వెళ్లింది. ఆ మాట సాయంత్రానికి మొహల్లా అంతా తిరిగి ఉంటుంది. తిరగనీ. అమ్మీ చెప్పాక అది చాడీ కాలేదు, కబురైంది. సాయంత్రం ఇఫ్తార్ వేళకు ఆమే తమ్ముడికి ఇస్త్రీ చొక్కా తొడిగించి మజీద్‌కు పంపింది. పక్కవాడు ఎప్పటిలాగే అతని చేతిలో ఖర్జూరం పెట్టాడట. పొద్దంతా ఉపవాసం ఉన్నావా అని ఎవరూ అడగలేదట.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం వాళ్లిద్దరూ తెరిచిన తలుపు ఎదురుగా కూర్చుని తినేవాళ్లు. నేను ఉపవాసంతో నీరసంగా బడి నుంచి వచ్చి, వాళ్ల పప్పు వాసన పీల్చుకుంటూ కూర్చునేదాన్ని. తమ్ముడు నన్ను చూసి, "ఆపా, ఉప్పు సరిపోయిందా చూడు" అని ఏడిపించేవాడు. ఎన్నేళ్లయిందో అతను నన్ను అలా ఏడిపించి.

పండుగ ఇంకా వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం అన్నం మధ్యలో అతను చెయ్యి ఆపాడు.

"అమ్మీ, మిషన్ మాట్లాడేటట్టున్నది" అన్నాడు.

ఉపవాసం మాన్పించాం, గోలీలు వేళకు పడుతున్నాయి, తప్పెక్కడ జరిగింది? నేను లేవబోయాను. అమ్మీ కంటితోనే నన్ను కూర్చోబెట్టింది. "కూర ఉడికిందా" అని అడిగినంత మామూలుగా, "ఏమంటున్నది?" అని అడిగింది.

"ఇంక ఏమనలే. అనేటట్టున్నది."

"సరే. అన్నం తిను. తిని పోదం."

అతను తిన్నాడు. ఆమె పక్కనే కూర్చుని, పూర్తిగా తినేదాకా చూసి, చెయ్యి కడుక్కుని, బురఖా వేసుకుంది. మేం నలుగురం మధ్యాహ్నం బస్సుకు కరీంనగర్ వెళ్లాం. అంతకు ముందు మూడుసార్లూ అతన్ని ఆటోలో మధ్యన ఇరికించి, చేతులు పట్టుకుని తీసుకెళ్లాం. ఈసారి కిటికీ పక్కన కూర్చుని టికెట్లు అతనే తీసుకున్నాడు.

డాక్టరమ్మ అతనితోనే చాలాసేపు మాట్లాడింది. రాత్రి పని సంగతి అడిగితే అతను నేల చూపులు చూశాడు. పండుగ గిరాకీ వదులుకోలేక, అందరూ తరావీకి వెళ్లినప్పుడు మొదలుపెట్టి చాలా పొద్దుపోయేదాకా కుడుతున్నాడు. ఎంత పొద్దుపోయేదాకానో దుల్హన్‌కే తెలుసు, మాకు చెప్పలేదు. దుకాణం నిలబడాలని ఆమె ఆశ. రోజా ఒక్కటి తీసేస్తే సరిపోతుందనుకున్న నా తెలివి అక్కడ తేలిపోయింది. ఫోన్లో కొట్టిన డబ్బా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. డాక్టరమ్మ దాన్ని ఎత్తలేదు, మంచి మనిషి.

"కారణం ఒక్కటే ఉండది మేడం. నిద్ర లేకుంటె అన్ని ఖరాబైతయి" అని, రాత్రి గోలీ కొంచెం పెంచి రాసింది. "జేర్చుకుంటలేను. ఇంటికి తోలుకపోండ్రి. రాత్రి మిషన్ మీద కూసోవద్దు. వారానికొకసారి కనవడితె చాలు." తర్వాత పెన్ను మూసి, "ఇంత ముందుగాల ఎవ్వలు గుర్తుపట్టిండ్రు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా అమ్మీ అంది. "మేమెవ్వలం పట్టలే. వాడే చెప్పిండు."

ఆ మాట ఆమె ఎంత గర్వంగా అందో, నేను టెన్త్‌లో మండల్ ఫస్ట్ వచ్చినప్పుడు కూడా అంత గర్వంగా అనలేదు.

మర్నాడు దుల్హన్ కుట్టని బట్టలన్నీ సంచుల్లో వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. "ఆయనకు తలకాయ బీమారి మళ్ల జర ఎక్కువైంది. ఈద్‌కు గాదు" అని ఉన్నదున్నట్టు చెప్పింది. కొందరు గుడ్డ తీసుకుని ముఖం మాడ్చుకున్నారు. కొందరు, "ఈద్ తర్వాతనే కుట్టనీయమ్మా, మాకేం తొందర లేదు" అని సంచీ తిరిగి ఆమె చేతికే ఇచ్చారు. పక్కింటి ఖాలా అలా ఇచ్చినవాళ్లలో మొదటిది. ఆమె మీద నేను ఇంతకు ముందు రాసిన ముక్కు మాట కొట్టివేయాలనుకున్నాను, కానీ ముక్కు అయితే ఉంది.

పండుగ వచ్చింది, వెళ్లింది. షవ్వాల్ నెల మొదలైంది. ఆ మొదటి రోజులు మేం ఎలా గడిపామో చెప్పను, ఊపిరి బిగబట్టి అన్నం వండుకున్నాం. షీర్ ఖుర్మా గిన్నెలు అమ్మీ పండుగ సాయంత్రమే కడిగి అటక మీద పెట్టించింది. మూఢనమ్మకమే, ఒప్పుకుంటాను. నేనే నిచ్చెన పట్టుకున్నాను.

కొన్నాళ్లకు తమ్ముడు దుకాణం షట్టర్ ఎత్తాడు. కొక్కేలకు సంచులు వేలాడుతున్నాయి. దుల్హన్ సూదులకు దారాలు ఎక్కించి గుచ్చిపెట్టి ఉంది. అతను మిషన్‌కు నూనె వేశాడు. ఖాలా కుర్తా తీసి మిషన్ పాదం కింద పెట్టాడు. తొక్కబోయి, ఆగాడు. మేం ముగ్గురం ఏ పనీ లేకపోయినా అక్కడే నిలబడి ఉన్నామని అతనికి తెలుసు.

అమ్మీ స్టూలు లాక్కుని మిషన్ పక్కనే కూర్చుంది. మోకాళ్ల నొప్పితో వంగలేని మనిషి, వంగి, చెవి మిషన్ దగ్గర పెట్టింది. "తొక్కు" అంది.

అతను తొక్కాడు. మిషన్ నడిచింది. కుర్తా అంచు సూది కింద నుంచి తిన్నగా జరిగింది. అమ్మీ కళ్లు మూసుకుని విన్నది.

"నాకైతె మిషన్ లెక్కనే ఇనవడ్తుంది. నీకు?" అని అడిగింది.

అతను ఆపకుండా ఇంకొంత దూరం కుట్టాడు. తల కొంచెం పక్కకు వాల్చి విన్నాడు.

"నాకు గూడ అమ్మీ" అన్నాడు.